ఎవరు రుద్దిన కవరు

ఆగస్టు 9, 1999. సోమవారం

ఈయన ఈరోజు నలుగురిలో నా పేరు చెప్పినాడు. నాలుగేండ్లలో ఇదే మొదటిసారి.

ఈయన బండ్లు బాగు చేసే షెడ్డుకి క్యారియరు ఇచ్చి వద్దామని పోయినా. రైలు గేటు దాటకముందే కేకలు వినపడినాయి. తిరుపాలు మోటారుసైకిలు టెంపోలో వేసుకొచ్చి షెడ్డు ముందర దించిండారు. ఇంజను పట్టేసింది. మొన్న శనివారం పెనుకొండ ఇవతల కొండ మలుపులో పోతా ఉండంగానే వెనక చక్రం బిగుసుకునిందంట. మనిషి ఎగిరి రోడ్డు మీద పడినాడంట. భుజం ఎముక ఇరిగింది. మగ్గాలోళ్ళకి ఇచ్చేదానికి తీసుకుపోతాండే పట్టుదారం మూట మీద తల పడింది కాబట్టి బతికినాడని ఎవరో చెప్తాండారు.

తిరుపాలు భార్య రాధ బండి పక్కన నిలబడుకోని అరస్తాంది.

"రెండు వారాలే అయింది నీ దగ్గర పని చేయించి! నూనె కారతాందని తెచ్చిస్తే బాగు చేసినానంటివి. ఉండే నూనంతా కారిపోయి పట్టేసింది. నా మొగుడు చచ్చింటే ఏం చెప్పేవాడివి?"

ఈయన కిందికి వంగి ఇంజనుకి కుడిపక్క మూతలాగా ఉండే కవరు చూసినాడు. దాని కింద అంచు పొడుగునా నల్లగా నూనె జారిన చార. లేచి చేతులు తుడుచుకున్నాడు. షెడ్డులో ఏడెనిమిది మంది ఉండారు. నేను క్యారియరు పట్టుకోని గుంజ పక్కన నిలబడిండా. నన్ను చూసినాడు. చూసే చెప్పినాడు.

"రాధమ్మా, నేను బిగించింది సక్రమంగానే బిగించినా. ఈ కవరు అంచు రుద్దింది నేను కాదు. ఇంట్లో మా యామె రుద్దింది, మహజబీన్."

అందరూ నా పక్క తిరిగినారు. క్యారియరు బల్ల మీద పెట్టి వచ్చేసినా. ఎట్ల నడిచొచ్చినానో తెలీదు.

మాపటేల ఇంటికొస్తానే అడిగినా.

"ఏమయ్యా, నా పేరు ఏమిటికి చెప్పినావు?"

"ఉండేదే చెప్పినా. రుద్దింది నువ్వే గదా."

"నాలుగేండ్ల నుంచి నేనే రుద్దుతాండా. ఎప్పుడన్నా చెప్పినావా?"

"ఎవరన్నా అడిగినారా?"

"ఈరోజు మాత్రం ఎవరు అడిగినారు? ఎవరు రుద్దినారని రాధ అడిగిందా? నువ్వు ఏం చెప్తావని అడిగింది!"

చేతులు కడుక్కునేకి పోయినాడు. సబ్బు నురగ పోయేదాకా కడిగినాడు, కడుగుతానే ఉండాడు.

ఒకటి మాత్రం రాసి పెట్టుకుంటాండా. తిరుపాలు బండి కవరు నేను సరిగ్గానే రుద్దినా. మూడుసార్లు చూసుకున్నా. ఒక్క గీత కూడా మిగల్లేదు.


ఆగస్టు 10

అన్నం పెట్టినా, తిన్నాడు.


ఆగస్టు 11

కోపం తగ్గుతుందేమో అనుకుంటి. పెరుగుతాంది.

ఈ పని నాకు నేర్పింది ఈయన కాదు. చిలమత్తూరులో మా నాయన ఆయిలింజన్లు బాగు చేసేటోడు. పదేండ్ల పిల్లప్పుడే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకోని చెప్పినాడు. కవరు అంచు వంకర తిరిగిందంటే మధ్యలో ఎంత మంచి ప్యాకింగ్ అట్ట వేసినా నూనె ఆగదు. ముందు అంచు చుట్టూ పెన్సిలుతో అడ్డగీతలు గీయాల. మందపాటి గాజు పలక మీద తడి ఉప్పుకాగితం పరిచి, కవరు బోర్లించి, ఎనిమిది అంకె రాసినట్ల తిప్పాల. గట్టిగా నొక్కకూడదు. ఎత్తు ఉండేతావ గీతలు ముందు చెరిగిపోతాయి, పల్లం ఉండేతావ మిగుల్తాయి. అన్ని గీతలూ పోయేదాకా రుద్దాల. తర్వాత నున్నటి కాగితం వేసి మళ్ళీ గీతలు గీసి మళ్ళీ రుద్దాల. అంతే పని. తెలివి ఏమీ వద్దు, ఓపిక కావాల.

ఈయనకి ఆ ఓపిక లేదు. పెండ్లయిన కొత్తలో షెడ్డులో ఆకురాయి పెట్టి కవర్లు అరగదీసేవాడు. ఒకతావ తగ్గించబోయి ఇంకోతావ గుంత చేసేవాడు. నేనే అన్నా, "ఇట్ల తీసుకురా, నేను చూస్తా" అని. ఒక బట్టలంగడి తీసేస్తాంటే షోకేసు అద్దం అడిగి తెచ్చుకున్నా. వెనక వసారాలో బండ మీద అద్దం, పక్కన నీళ్ళ బకెట్టు. అదే నా షెడ్డు.

ఈ నాలుగేండ్లలో ఎన్ని కవర్లో! పాలు పోసే ఓబుళప్ప బండి ఒకటే రెండుసార్లు చేసినా. ఒకసారి ఆయన పాలు పోసేకి ఇంటికొచ్చి, గడప అవతల నిలబడుకోని ఈయనతో అంటాండాడు, "నీ చేతిలో ఏం ఉండాదో గానీ అష్రఫూ, అనంతపురంలో పెద్ద షెడ్డులో గూడా ఆగని నూనె నీ దగ్గర ఆగింది." ఈయన నవ్వి, "అలవాటే అన్నా" అన్నాడు.

అలవాటంట! తలుపు ఇవతల నా చేతులకి ఉప్పుకాగితం బురద అట్లనే ఉండాది. ఆ పొద్దు నాకు నవ్వొచ్చింది, నిజంగానే. ఇద్దరం ఒకటే గదా, పేరు ఎవరిదయితే ఏమి అనుకున్నా.

ఇద్దరం ఒకటే అయితే, తిట్లు పడేకి నేనొక్కదాన్నే ఎట్లయితి?


ఆగస్టు 13

తిరుపాల్ని చూసొద్దామని వాళ్ళింటికి పోయినా. అత్త వద్దనింది. "మొగోడు మాట జారినాడు, పెండ్లాము ఊరుకోవాల. పోయి కెలకొద్దు" అనింది. ఆయమ్మ కొడుకు గదా.

తిరుపాలు మంచం మీద పండుకోనుండాడు. భుజానికి కట్టు. మొగం ఒక పక్కంతా గీరుకుపోయింది. నన్ను చూసి లేవబోయినాడు. లేవలేకపోయినాడు.

"నువ్వు చేస్తావని నాకు తెలీదు వదినా. ఇన్నాళ్ళూ భాయే అనుకుంటి" అన్నాడు.

"పోయిన ఏడు నీ బండి ఎడమ కవరు కూడా నేనే చేసినా అన్నా. అది కారిందా?"

"లేదు వదినా. అది బాగుండాది."

రాధ గ్లాసులో నీళ్ళు తెచ్చి నా ముందర పెట్టింది గానీ నా మొగం చూడలేదు.

"తెలిసింటే మా బండి ఇచ్చేవాళ్ళమే కాదు. ఆడదాని చేత ఇనుము పని చేయించి, మొగోడు చేసినానని చెప్పుకోవడమేమి?" అనింది.

"రాధక్కా, ఆడదాని చేత పట్టుచీర నేయిస్తే కట్టుకుంటారు గదా" అన్నా.

"చీర చినిగితే ఎవరూ సావరు."

నీళ్ళు తాగకుండా లేచి వచ్చినా. దావంతా నాలో నేనే జవాబులు చెప్పుకుంటా వచ్చినా. ఆయమ్మకి చెప్పాల్సిన జవాబులన్నీ ఇంటికొచ్చినాకనే తెలిసినాయి. ఒక్కటీ ఈడ రాయను. రాస్తే చిన్నగా కనిపిస్తాండాయి.


ఆగస్టు 14

ఆలోచించినా. తప్పు జరిగేకి ఎన్ని దారులు లేవు?

ఒకటి, ఈయన కవరు ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవరు దూర్చి తన్ని లేపుతాడు. అంచుకి గాటు పడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా వినడు. రెండు, ప్యాకింగ్ ఈ మధ్య పల్చటిది తెస్తాండాడు. మూడు, తిరుపాలు. రెండు వారాలు బండి కింద నూనె పడతాంటే చూసుకోలేదా? బండి నిలిపిన చోట నేల నల్లగా కాలేదా? ఆ మనిషిది తప్పు లేదా?

నేను రుద్దిన అంచు బాగుండాది. మిగిలితే వెంట్రుకంత మిగిలిందేమో. వెంట్రుకంతదానికి ఆగకపోతే ప్యాకింగ్ ఉండేది ఏమిటికి?


ఆగస్టు 16

మళ్ళీ రాస్తాండా. ఒక్క గీత కూడా మిగల్లేదు. నాకు బాగా గుర్తు.


ఆగస్టు 18

షెడ్డులో ఈయన తిరుపాలు బండి ఇంజను మొత్తం ఇప్పి పెట్టిండాడు. ఆ కవరు తీసి సంచిలో వేసుకున్నా. "ఎందుకు?" అన్నాడు ఈయన. "నీకు ఎందుకు?" అన్నా. పొద్దున ప్యాసింజరు ఎక్కి హిందూపురం పోయినా. అక్కడ మా నాయనకి తెలిసిన వెంకటప్ప అని లేతు మిషను పనాయన ఉండాడు. ఆయన దగ్గర చదునుగా తీసిన పెద్ద ఇనుప పలక ఉంటుంది. దాని మీద పెడితే నిజం తెలిసిపోతుంది. వెంకటప్ప చేత, అంచు బాగుండాదని నలుగురిలో చెప్పిద్దాం, అంతేగాని ఊరుకునేది లేదు అనుకున్నా.

పెనుకొండ దగ్గర రైలు నిలబడింది. కొండ కనపడుతుందని అవతల పక్క తిరిగి కూర్చున్నా.

వెంకటప్ప కండ్లద్దాలు పైకి తోసుకోని కవరు తిప్పి తిప్పి చూసినాడు. వేలు అంచు వెంబడి పోనిచ్చినాడు.

"ఎవురమ్మా దీన్ని రుద్దిండేది? మిషను మీద తీసినట్లుండాది."

నా గుండె ఎంత పొంగిందో! వారం రోజులుగా ఎవరన్నా అంటారేమో అని చూస్తాండే మాట.

తర్వాత ఇనుప పలక మీద నీలం రంగు పల్చగా పూసి, కవరు బోర్లించి, అటొకసారి ఇటొకసారి కదిపి ఎత్తినాడు. అంచు చుట్టూ నీలం అంటింది. కింద పక్క రెండు బోల్టు కన్నాల మధ్య మాత్రం తెల్లగా ఉండిపోయింది.

"ఈడ చూడు. బొటనవేలంత తావ అంటలేదు."

"స్క్రూడ్రైవరు పెట్టి లేపిన గాటేమో చూడప్పా."

"గాటు లేదమ్మా."

"బోల్టులు ఎక్కువ బిగించి వంగిందేమో?"

"వంగితే ఇట్లుండదు. పాత మరక ఇంకా అట్లనే ఉండాది, చూడు. ఈడ ఉప్పుకాగితం తగల్లేదు. ఇది ముందునుంచీ ఉండే పల్లం. చుట్టూ దించుకుంటా పోయింటే ఇదీ వచ్చేసేది. మిషనెందుకు, ఇంకొక గంట రుద్దింటే అయిపోయేది." మళ్ళీ వేలు పెట్టి తడిమి, "చానా ఓపికుండే మనిషి చేసింది ఇది. ఆ ఓపిక ఈడికొచ్చేసరికి ఎట్ల అయిపోయిందో" అన్నాడు. "ఎవురు చేసింది?"

"మా ఇంటాయన" అన్నా.

ఆ మాట నా నోట్లోనుంచే వచ్చింది. ఆలోచించుకోని చెప్పింది కాదు. అడిగిన మరుగడియలోనే వచ్చింది.


ఆగస్టు 19

రాసేకి ఏం లేదు.


ఆగస్టు 21

ఉండాది. రాసేది ఉండాది.

జులై 24, శనివారం. హిందూపురంలో మా పెదనాయన కూతురి పెండ్లి. పదకొండు గంటల రైలుకి పోవాల. ఈయన ముందు రోజు కవరు తెచ్చిచ్చి, "తిరుపాలు రేపు మాపటేలకి బండి అడిగినాడు" అన్నాడు. తెల్లారితోనే కూర్చున్నా. అది బాగా వంకర పోయిన కవరు, ఎంత రుద్దినా కింద పక్క గీతలు పోవు. తొమ్మిదిన్నరకి అత్త, "ఇంకా తల దువ్వుకోలేదా?" అని కేకేసింది. చూసినా. గీతలు మిగిలిండాయి. వెంట్రుకంత కాదు, అంగుళం ఉండాది. నాలుగు గీతలు, వరసగా.

తడిగుడ్డతో తుడిచేసినా.

తుడిస్తే పెన్సిలు గీత పోతుంది, పల్లం పోదు. ఈ సంగతి నాకు పదేండ్ల వయసులోనే తెలుసు. ప్యాకింగ్ సర్దుకుంటుందిలే అనుకోని ఈయన చేతికిచ్చి, "అయిపోయింది" అని చెప్పినా. కొత్త చీర కట్టుకోని పెండ్లికి పోయినా. రెండు రోజులు అక్కడ నవ్వుకుంటా ఉండినా.

మూడుసార్లు చూసుకున్నానని రాసినా ఈ పుస్తకంలో. ఎవరు చదువుతారని రాసినా? నా పుస్తకంలో నాకే అబద్ధం రాసుకున్నా.

అట్లని కోపం పోయిందా అంటే పోలేదు. ఇంకా ఎక్కువయింది. ఈయన ఆ పొద్దు షెడ్డులో చెప్పింది నిజం. అదే నా కడుపుమంట. నాలుగేండ్లు నిజం చెప్పేకి నోరు రాలేదు, తిట్లు పడే రోజు మాత్రం నిజం బాగా గుర్తొచ్చింది. నేను? మెచ్చుకుంటే నాది అనిపించుకోవాలని హిందూపురం దాకా పోయి, తప్పు కనపడేసరికి ఆయన పేరు చెప్పి వచ్చినా. ఆయనకి నాలుగేండ్లు పట్టింది, నాకు ఒక్క నిమిషం చాలింది.

తిరుపాలు మొగం ఒక పక్కంతా గీరుకుపోయిండేది కండ్ల ముందర నుంచి పోవడం లేదు.


ఆగస్టు 23, సోమవారం

పది గంటలకి షెడ్డుకి పోయినా. క్యారియరు తీసుకపోలేదు. ఒక చేతిలో ఆ కవరు, అంతే.

తిరుపాలు బల్ల మీద కూర్చోనుండాడు, చెయ్యి మెడకి కట్టుకోని. పక్కన రాధ. ఓబుళప్ప పాలక్యాన్లు దించుకోని ఏదో మాట్లాడుతాండాడు. ఇంకా నలుగురైదుగురు ఉండారు. నన్ను చూస్తానే ఈయన లేచి, "ఇంటికి పో, మాపటేల మాట్లాడుకుందాం" అన్నాడు.

"మాపటేల కాదు. నా పేరు నలుగురిలో చెప్పినావు, నేను కూడా నలుగురిలోనే చెప్తా."

కవరు బల్ల మీద పెట్టినా.

"తిరుపాలన్నా, రాధక్కా. ఈ కవరు రుద్దింది నేనే. ఇదో, ఈ అంగుళం పల్లం నాకు కనపడింది. పెండ్లికి పొద్దుపోతాందని వదిలేసి, అయిపోయిందని ఈయనకి అబద్ధం చెప్పినా. నువ్వు పడింది నావల్ల. ఈయనవల్ల కాదు, ప్యాకింగ్ వల్ల కాదు. తప్పు నాది."

రాధ నన్ను చూస్తాంది. ఈయన ఊపిరి వదిలినాడు. అంతటితో అయిపోయింది అనుకున్నాడేమో. భుజాలు దిగినాయి. అది చూసి నాకు మండింది.

"తప్పు నాదయితే మిగిలిందంతా కూడా నాదే" అన్నా. "ఓబుళప్పన్నా, నీ బండి రెండు కవర్లూ నేనే రుద్దినా. అనంతపురంలో ఆగని నూనె ఆగింది నా చేతిలో. ఈ షెడ్డు నుంచి నాలుగేండ్లుగా పోయిన ప్రతి కవరూ మా ఇంటి వసారాలో నేను కూర్చోని రుద్దింది. ఒక్కటి కారింది, దానికి నా పేరు చెప్పినాడు. కారని వాటికి ఏమిటికి చెప్పలేదో మీరు అడగండి."

ఎవరో వెనక నవ్వినారు. ఓబుళప్ప నవ్వలేదు. ఆయన పాలక్యాను మూత పట్టుకోని అట్లనే నిలబడి, ఈయన పక్క తిరిగినాడు.

"నిజమేనా అష్రఫూ?"

ఈయన నేల చూసినాడు. గుడ్డ తీసుకున్నాడు. తుడిచేకి చేతికి ఏమీ అంటలేదు, అయినా తుడుచుకున్నాడు. గేటు మీద గూడ్సు బండి పోతాంది, అది పోయేదాకా చూసినాడు. నేను కదల్లేదు. బండి పోయినాక కూడా ఓబుళప్ప అడిగిన చోటే నిలబడిండాడు.

"అవునన్నా" అన్నాడు ఈయన. "అన్నీ ఆమె చేసినవే."

"మరి అలవాటే అంటివి గదప్పా" అన్నాడు ఓబుళప్ప. గట్టిగా కూడా అనలేదు.

ఈయన మొగం ఎర్రగా అయింది. నాకు జాలేసింది. అయినా వాపసు తీసుకోలేదు, ఒక్క మాట కూడా.

వెంకటప్పకి కూడా ఒక కార్డు రాసి పోస్టులో వేసినా. కవరు రుద్దింది నా మొగుడు కాదు, నేనే అని.


ఆగస్టు 24

ఈయన అన్నం తినలేదు. పిలిచినా, ఒకసారి.


ఆగస్టు 27

ఈరోజు మాట్లాడినాడు. వసారాలోకొచ్చి గోడకి ఆనుకోని నిలబడి, "మొగోడి చేతిపని అంటేనే బండ్లు వస్తాయి, లేకుంటే రావని భయం" అన్నాడు.

"మరి ఆ పొద్దు నా పేరు చెప్పేటప్పుడు బండ్లు పోతాయని భయం లేదా?"

"ఆ పొద్దు రాధ అరస్తాంటే నాకేమీ తోచలేదు."

"నాకు కూడా వెంకటప్ప అడిగితే ఏమీ తోచలేదు" అని హిందూపురం సంగతి చెప్పినా. నేను ఆయన పేరు చెప్పిన సంగతి. వింటా వింటా ఉన్నట్టుండి పక్కున నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. నవ్వే సంగతి కాదని చెప్పినా.


సెప్టెంబరు 12

తిరుపాలు ఇంజను లోపలి పని అంతా ఈయన ముగించినాడు. మిగిలింది ఆ కవరే. దాన్ని మిషనుకి పంపుదామా అని రాధని అడిగినాడంట. ఆయమ్మ ఏమీ చెప్పకుండా కవరు తీసుకోని నేరుగా మా ఇంటికొచ్చింది.

"నా కండ్ల ముందర రుద్దు" అనింది.

పీట వేసినా. కూర్చోలేదు. కొంచేపయినాక తనే కూర్చునింది. గీతలు గీసినా, కాగితం తడిపినా, తిప్పడం మొదలుపెట్టినా. ఆయమ్మకి ఏమీ చెప్పాలనిపించలేదు. క్షమించమని షెడ్డులోనూ అడగలేదు, ఈడా అడగలేదు. ఆ మాట అడిగితే ఆయమ్మ ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది, ఆ బరువు ఆయమ్మ మీద ఎందుకు?

అర్ధగంటకి ఎత్తి చూపించినా. చుట్టూ పోయినాయి, కింద పక్క నాలుగు గీతలు అట్లనే ఉండాయి. గంటకి రెండు మిగిలినాయి. చేతులు గుంజుతాండాయి. మా అత్త టీ తెచ్చి పెట్టింది, రాధ తాగింది. గంటన్నరకి ఒకటి సన్నగా, ఉండీ లేనట్లుగా మిగిలింది.

రాధ వంగి కవరు వెలుతురుకి పెట్టి చూసింది.

"ఇది చాల్లే గదా. ఇంత సన్నగా ఉండాది" అనింది. నన్ను పరీక్షించేకి అనిందో, ఆయమ్మకి కూడా పొద్దుపోతాందో నాకు తెలీదు.

"చాలదు" అన్నా.

ఇంకో పది నిమిషాలు పట్టింది. అది పోయినాక నున్నటి కాగితం వేసి, మళ్ళీ గీతలు గీసి మళ్ళీ మొదలుపెట్టినా. రాధ ముగిసేదాకా కూర్చునింది.

ఇద్దరం షెడ్డుకి పోయినాం. ఈయన కవరు బిగించినాడు, నూనె పోసినాడు, బండి స్టార్టు చేసినాడు. నలుగురూ చుట్టూ చేరినారు. ఇంజను చల్లారేదాకా నిలబడి చూసినాం. కింద పరిచిన కాగితం మీద ఏమీ పడలేదు.

"ఈరోజు బాగుంది సరే" అనింది రాధ, ఈయన పక్క తిరిగి. "మళ్ళీ కారితే ఎవర్నడగాల?"

ఈయన నోరు తెరిచినాడు. ఏం చెప్పబోయినాడో తెలీదు. నేను ఆగలేదు.

"నన్నడుగు" అన్నా. "ఇల్లు చూసినావు గదా."

రాధ బండి తోసుకోని పోయింది.